సూది కనబడే నేల

హబీబాకు తాను కాపురమున్న ఇళ్లు గోడలతో గుర్తుండవు. నేలలతో గుర్తుంటాయి.

నల్లమాడలో పుట్టిల్లు పేడతో అలికిన మట్టినేల. వాళ్ల నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు కాబట్టి, ఎంత ఊడ్చినా ఆ అలుకు మీద ఎవరో బియ్యప్పిండి చల్లిపోయినట్టే ఉండేది. జమాల్ సాబ్‌ను పెళ్లాడి పామిడికి వచ్చాక అన్నీ బాడుగ ఇళ్లే. ఒక ఇంట్లో సిమెంటు పెచ్చులు లేచిపోయి, ఎన్ని దుప్పట్లు పరిచినా వీపు కింద ఇసుక కరకరమనేది. ఇంకో ఇంట్లో బండల సందుల్లోంచి చీమలు బారులు తీరి వచ్చేవి. వాటికి భయపడి జమాల్ సాబ్ చక్కెర డబ్బాను పైకప్పుకు వేలాడదీస్తే, అవి గోడెక్కి తాడు మీదుగా దిగాయి. ఆ తర్వాతది మిద్దె మీద ఇల్లు. అద్దంలాంటి టైల్స్. ఆ ఇంట్లో తడికాలు జారి హబీబా కుడిచేతి మణికట్టు విరిగింది. రంజాన్ ముందు, నైటీలకు మంచి గిరాకీ ఉన్న రోజుల్లో, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఊరికే కూర్చోవాల్సి వచ్చింది.

పామిడిలో నైటీలు కుట్టే ఆడవాళ్లు వీధి వీధికీ ఉన్నారు. అయినా హబీబా పేరు బజారంతా తెలుసు. కుట్టుకంటే కొంటెతనానికే ఎక్కువ పేరు. ఒక వ్యాపారి ఆమె తెచ్చిన ప్రతి మూటకూ "జేబు చిన్నదాయె, జేబు చిన్నదాయె" అని వంక పెడుతుంటే, ఒక నైటీకి మోకాళ్ల దాకా జేబు కుట్టి, ఇస్త్రీ చేసి, మూటలో అన్నిటికంటే పైన పెట్టి ఇచ్చింది. "గుమ్మడికాయ గూడ పడతాది, సూడన్నా" అంది. మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు. నవ్వితే ఆమెతో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. నవ్వదు. అదే చిక్కు.

జమాల్ సాబ్ బోరు మోటార్ల మెకానిక్కు. అనంతపురం నేలలో నీళ్లకు కరువు గాని బోర్లకు కరువు లేదు. బోర్లు ఉన్నంతకాలం మోటార్లు కాలుతూనే ఉంటాయి. అవి కాలినంతకాలం జమాల్ సాబ్‌కు పని ఉంటుంది. పొద్దున తెల్లచొక్కాతో పోయేవాడు సాయంత్రానికి మోకాళ్ల దాకా ఎర్రమట్టితో, మోచేతుల దాకా గ్రీజుతో వచ్చేవాడు. మంచి మనిషి. కాస్త గొప్పలు చెప్పుకునే అలవాటు తప్ప ఇంకే దురలవాటూ లేదు.

ఇద్దరూ ఏళ్ల తరబడి కూడబెట్టుకుని ఊరి చివర సొంత ఇల్లు మొదలుపెట్టారు. ముందు వసారా, తర్వాత నడవ, ఒక పడకగది, వంటిల్లు, స్నానాలగది, హబీబా మిషన్ పెట్టుకోవడానికి చిన్న కుట్టుగది. గోడలు లేచాయి, మిద్దె వేశారు, సున్నాలు అయ్యాయి. ఇక మిగిలింది నేల. గొడవంతా అక్కడే మొదలైంది.

"ఇల్లంతా తెల్ల టైల్సే ఏపిద్దాం" అన్నాడు జమాల్ సాబ్. "వంగితే మొగం కనపడాల."

"మొగం సూసుకునేదానికి అద్దం ఉండాది గదా. దానికి వంగే పని గూడ లేదు."

"నీకు తెల్దు హబీబా. మొన్న మోటారు ఎత్తేదానికి పోయిన కాడ ఒక రైతు ఇంట్లో సూసినా. నడవలో నిలబడితే కింద ఇంగో జమాల్ సాబ్ నిలబడినట్లుండాది."

"ఒక జమాల్ సాబ్‌తోనే నాకు చాలైపోయింది. కింద ఇంగొకడా?"

ఆయనకు కోపం వచ్చింది. గుత్తిలో తన అక్క ఆసియా ఇల్లు చూడమన్నాడు. గడప నుంచి పెరటి వాకిలి దాకా ఒకటే రకం, ఒకటే మెరుపు అన్నాడు. గదికొక పని ఉన్నప్పుడు గదికొక నేల ఉంటే తప్పేమిటని హబీబా అడిగింది. బురదకాళ్లతో వచ్చే వసారాకు, నూనె చిందే వంటింటికి, నీళ్లు నిలిచే స్నానాలగదికి ఒకే రాయి ఎలా సరిపోతుందని అడిగింది. ఆయన వినలేదు. ఉన్నట్టుండి హబీబా మెత్తబడింది.

"సరేలే, నువ్వు చెప్పినట్లే కానీ" అంది.

జమాల్ సాబ్ ఆ మాటకే అనుమానపడి ఉండాల్సింది. పడలేదు. సంతోషంగా ఆమెను మోటారుసైకిల్ మీద ఎక్కించుకుని గుత్తికి తీసుకుపోయాడు.

అక్కడ ఉదయ్ కుమార్ అనే ఆయనకు టైల్స్ అంగడి ఉంది. మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, టీ తెప్పించి, ఒక్కొక్క టైలూ తీసి చూపించడం మొదలుపెట్టాడు. హబీబా టీ తాగింది. సంచిలోంచి సూదుల పొట్లం తీసింది.

"అన్నా, కుట్టుగదికి గూడ సూడాల. ఒక్క నిమిషం కండ్లు మూసుకో" అంది.

ఉదయ్ కుమార్ ఎందుకో అర్థం కాకపోయినా మూసుకున్నాడు. ఆమె నల్లగా, తెల్లచుక్కలతో గ్రానైట్‌లా ఉన్న టైల్స్ పరిచిన చోట ఒక సూది వదిలింది.

"ఇంగ తెరువు. సూది యాడుండాదో సెప్పు."

ఉదయ్ కుమార్ చూశాడు. వంగి చూశాడు. గొంతుక్కూర్చుని చూశాడు. పనివాళ్లను పిలిచాడు. వాళ్లూ మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో తడమసాగారు. ఆ చుక్కల్లో సూది ఏదో, చుక్క ఏదో దేవుడికే తెలియాలి. అప్పుడే వచ్చిన ఒక బేరగాడు వాకిట్లో నిలబడిపోయి "ఏం పోయిందప్పా, ఉంగరమా?" అని అడిగాడు.

"సూది" అన్నాడు ఉదయ్ కుమార్, నేల మీది నుంచే.

"సూదికి ఇంతమందా?"

జమాల్ సాబ్ ఈమె ఎవరో తనకు తెలియనట్టు పక్కకు తిరిగి, గోడకు బిగించిన కొళాయిలను ఒక్కొక్కటిగా తిప్పి చూడటం మొదలుపెట్టాడు.

హబీబా వదల్లేదు. పాలరాయిలా బూడిదరంగు చారలున్న టైల్ మీద ఇంకో సూది వదిలింది. అది సరిగ్గా ఒక చార మీద పడుకుని చారైపోయింది. చెక్కలా గీతలున్న టైల్ మీద వదిలితే గీతల్లో కలిసిపోయింది. అప్పుడామె కన్ను అంగడి మూలన, దుమ్ము పట్టిన పెట్టెల మీద పడింది. మీగడరంగు. చుక్క లేదు, చార లేదు, మెరుపు లేదు. దాని మీద సూది వదిలితే నాలుగడుగుల దూరం నుంచే తళుక్కుమంది.

"ఇవి కావాల, కుట్టుగదికి."

"అవి పాత మాడలమ్మా. ఇప్పుడు ఎవురూ అడగరు."

"అందుకే రేటు గూడ తగ్గే ఉంటాది గదన్నా."

ఉదయ్ కుమార్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు పాపం. ఆమె సీసాలోంచి ఒక తెల్ల మెరుపు టైల్ మీద నీళ్లు పోసి, చెప్పులు విడిచి దాని మీద నిలబడమంది. "అమ్మేవాడు పడకుండ నిలబడితే కొనేవాళ్లకు ధైర్యం" అంది. ఆయన ఒక చేత్తో బీరువా పట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి తీయమంది. ఆయన తీయలేదు. గరుకు టైల్ మీద మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్నానాలగదికీ వంటింటికీ ఆ గరుకువే అని ఆమె మనసులో రాసుకుంది.

చివర్లో మాత్రం చాలా వినయంగా అడిగింది. "మా ఆయనకు తెల్లవే ఇష్టం. కొన్ని ఇయ్యన్నా. ఇంట్లో పరుచుకుని సూసి, మళ్ల తెచ్చిస్తాం."

ఆమె వెళ్లిపోతుందంటే ఉదయ్ కుమార్ ఇంకేమైనా ఇచ్చేవాడే. తానే గోనెలో చుట్టి మోటారుసైకిల్ దాకా మోసుకొచ్చాడు.

బాడుగింట్లో గడప దాటగానే ఆ తెల్ల టైల్స్‌ను వరసగా పరిచింది హబీబా. తుడవకూడదు, అదొక్కటే షరతు. "కొన్నాళ్లు వీటితో కాపురం చేసి సూద్దాం" అంది. జమాల్ సాబ్ వంగి చూసుకున్నాడు. మొహం కనబడింది. మురిసిపోయాడు.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చేసరికి మురిపెం కాస్త తగ్గింది. అడుగు వేసిన ప్రతిచోటా ఎర్రటి పాదం అచ్చుపడింది.

"ఇదెవురి కాలు?" అని హబీబా నోరు తెరిచింది. "నేను లేనప్పుడు ఏనుగేమన్నా వచ్చి పోయిందా?"

మరునాడు మట్టి పక్కన గ్రీజు చేరింది. ఆ మరునాడు ఆయన వాకిట్లో కాళ్లు కడుక్కుని వచ్చాడు. తడికాళ్లకు పాత మట్టి కరిగి బురదైంది. మడమల మీద నడిచి చూశాడు. మడమలూ మురికే. చివరికి గడప మీద నిలబడి, ఊపిరి బిగబట్టి, టైల్స్ మీదుగా అవతలికి దూకడం మొదలుపెట్టాడు. యాభై దాటిన మనిషి, ముందు పొట్ట ఉన్న మనిషి. ఎదురింటి నాగలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటూ చూసింది.

"ఏమప్పా జమాల్ సాబూ, ఇంట్లోకి పోతాండావా, కాలువ దాటుతాండావా?"

ఆయన దూకిన రోజుల్లో నేల శుభ్రంగా ఉండిపోతుందేమోనని హబీబాకు దిగులు పట్టుకుంది. అందుకని ఆయన పాత చెప్పు ఒకటి తీసి, వాకిట్లో మట్టిలో తడిపి, టైల్స్ మీద ముద్రలు వేసి, తీసిన చోటే పెట్టేసింది. సాయంత్రం ఆయన వచ్చి ఆ ముద్రలు చూసి తల గోక్కునేవాడు. "పొద్దన పోయేటప్పుడు ఏసింటా" అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

వారం తిరిగేసరికి జమాల్ సాబ్ తానుండే ఇంట్లోకే దొంగలాగా పెరటి వాకిలి నుంచి రావడం మొదలుపెట్టాడు. ఒక రోజు అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"ఈ తెల్లవి వద్దులే."

"అయ్యో, అదేం మాటయ్యా! వీధంతా చెప్పుకుంటిని. మొగం కనపడతాదని నాగలక్ష్మమ్మకు గూడ చెప్తిని."

"వద్దంటాండా గదా."

"కోపంలో అంటాండావేమో. నిదానంగా ఆలోచన చెయ్యి."

"నీకు దండం పెడతా, వద్దే!"

"అంతగా అడుగుతాండావు గాబట్టి సరే" అంది హబీబా, ఇంకో ముద్ద సంగటి వడ్డిస్తూ.

ఆమె దగ్గర లెక్క సిద్ధంగానే ఉంది. వసారాకు పాలిష్ లేని నల్ల తాడిపత్రి బండలు. ఎంత మట్టి తొక్కినా ఒక బకెట్ నీళ్లతో పోతుంది. నడవకూ పడకగదికీ పాలిష్ పట్టిన తాడిపత్రి బండలే. క్వారీలు దగ్గర కాబట్టి బండి బాడుగ తక్కువ, ఎండాకాలం పడుకుంటే వీపు చల్లగా ఉంటుంది. వంటింటికీ స్నానాలగదికీ గరుకు టైల్స్. కుట్టుగదికి పాత మాడల్ మీగడరంగువి. అన్నీ కలిపినా జమాల్ సాబ్ తెల్ల కలకంటే చవక.

అయితే ఈ కబురు గుత్తికి చేరింది. ఆసియా ఫోన్ చేసి తమ్ముణ్ని కడిగేసింది. సొంతిల్లు కట్టుకుని నల్లబండలు వేసుకుంటే చుట్టాల్లో తలెత్తుకోలేమంది. గదికొక రకం వేస్తే అది ఇల్లు కాదు, సత్రమంది. జమాల్ సాబ్ మళ్లీ ఊగిసలాటలో పడ్డాడు. అక్క మాట అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ భయం.

"సరే, పోయి వదిన ఇల్లు సూసొద్దాం పా" అంది హబీబా. "బాగుంటే అట్లనే ఏపిద్దాం."

ఆసియా ఇల్లు గుత్తి కోట కిందే. ఆమె గట్టి మనిషి, మాట కూడా గట్టిది, కాని వచ్చిన వాళ్లకు కడుపునిండా పెట్టకుండా పంపదు. ఆ రోజూ బిర్యానీ చేసింది. అన్నం తిన్నాక హబీబా ఇల్లు చూడటానికి లేచింది. గడప లోపల కాలు తుడుచుకునే పట్టా. దాని పక్కనే ప్లాస్టిక్ చాప. ఆ చాప అయిపోయేచోట పాత దుప్పటి మడత. వంటింటి ముందు గోనెపట్టా. స్నానాలగది ముందు ఒకదాని మీద ఒకటి రెండు పట్టాలు.

హబీబా ఒక చాప అంచు పట్టుకుని, పెళ్లికూతురి ముసుగు తీసినంత జాగ్రత్తగా ఎత్తింది.

"ఇదా వదినా నేల! బలే ఉండాది. ఇన్నేండ్లుగా వస్తాండాం గాని ఎప్పుడూ సూడనే లేదు."

"తడికాళ్లతో వస్తే జారుతాదని ఏసినామే" అంది ఆసియా.

హబీబా దుప్పటి మడత కూడా ఎత్తి చూసింది. తర్వాత వంగి సోఫా కిందికి చూసింది. అక్కడ మాత్రం నేల తళతళ మెరిసిపోతోంది.

"మరి సోఫా కింద ఏమీ ఎయ్యలేదే?"

"సోఫా కింద ఎవురు నడుస్తారే?"

"అదే గదా వదినా. ఎవురూ నడవని సోట మాత్రం బలే మెరుస్తాండాది."

జమాల్ సాబ్‌కు పొలమారింది. నోట్లో ఏమీ లేదు, అయినా పొలమారింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ బయటికి పోయి, మోటారుసైకిల్ దగ్గర నిలబడి భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. ఆసియా అది కిటికీలోంచి చూసింది. తమ్ముడు తన మీద నవ్వడం ఆమెకు కొత్త. హబీబా వైపు తిరిగింది.

"ఏసుకో నీ బండలు. నేనూ వస్తా, సూస్తా" అంది. ఆ "సూస్తా"లో కొంచెం బెదిరింపు ఉంది.

బండలు వచ్చాయి. ఓబిలేష్ అనే మేస్త్రి పనికి కుదిరాడు. నెమ్మదస్తుడు, పనిమంతుడు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. హబీబా రోజూ మధ్యాహ్నం మిషన్ ఆపి వచ్చి, వేసిన బండల మీద చెప్పుల్లేకుండా నడిచి చూసేది. ఎక్కడైనా అంచు కాలికి తగిలితే ఏమీ అనకుండా అక్కడే కూర్చుని, తన మడమను రుద్దుకుంటూ మూలిగేది. ఓబిలేష్ "అక్కా, తీసి మళ్ల ఏస్తాలే, లెయ్" అనేదాకా లేచేది కాదు. స్నానాలగదిలో నీళ్లు మూలకు పోవడానికి నేల వాటంగా ఉండాలి కదా, ఆ వాటం చూడటానికి బకెట్లు బకెట్లు నీళ్లు పోయించింది. "బోర్లో నీళ్లు నా పనికే అయిపోయేటట్లుండాయి" అని ఓబిలేష్ గొణిగాడు.

అన్ని గదులూ అయ్యాక కుట్టుగది ఒకటే మిగిలింది. ఆ వారమే ఒక పెద్ద మూట పని రావడంతో హబీబా ఇంటి వైపు రాలేకపోయింది. పని ముగించి వచ్చేసరికి జమాల్ సాబ్ వసారాలో తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, అట్లుండావు?"

"నీ మీగడరంగువి అయిపోయినాయంట. ఉదయ్ కుమార్ వేరేవి పంపినాడు. నేను లేనప్పుడు ఓబిలేష్ ఏసేసినాడు."

హబీబా పరుగులాంటి నడకతో లోపలికి పోయింది. కుట్టుగది నిండా నల్ల టైల్స్. తెల్లచుక్కలు, గోధుమరంగు చుక్కలు, నడుమ మెరిసే పొడి. ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయింది.

జమాల్ సాబ్ వెనకనే వచ్చాడు. జేబులోంచి ఆమె సూదుల పొట్లమే తీసి, ఒక సూదిని నేల మీదికి వదిలాడు.

"ఎతుక్కో" అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన మీసం అదురుతోంది. బయట ఓబిలేష్ వక్కపలుకు గొంతుకు అడ్డం పడేలా దగ్గుతున్నాడు. జమాల్ సాబ్ వంగి, గోరుతో ఒక నల్ల టైల్‌ను ఎత్తాడు. అది ఊరికే పేర్చింది. దాని కింద, సిమెంటుతో గట్టిగా కూర్చుని, మీగడరంగు నేల.

"ఉదయ్ కుమార్‌ను ఒక్క మాట అడిగితి. పెట్టెలు పెట్టెలు ఇచ్చి పంపినాడు. బండి బాడుగ గూడ ఆయనే పెట్టుకున్నాడు. ఆ దినం మోకాళ్ల మీద కూర్చున్న సంగతి మరిసిపోలేదంట."

"ఏమిటికి సేసినావయ్యా ఇదంతా?"

"ఏమిటికా? నేను నల్లమాడకు మోటారు ఎత్తేదానికి పోయి, ఆడే ఉండిపోతి ఒక దినం, యాదుందా? మర్నాడు ఇంటికి వస్తే తెల్ల టైల్స్ మీద తడితడిగా నా అడుగులు. నాకంటే ముందే ఇంటికి వచ్చిండాయి. దాంట్లో గూడ అన్నీ ఎడమకాలివే. అన్నీ ఎడమ అడుగులే ఏసుకుంటా నేను యాడ నడిచినానే?"

హబీబా నవ్వింది. ఆమె నవ్వు విని ఓబిలేష్ దగ్గు ఆపేశాడు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కూలబడి మరీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది.

"మరి తెలిసీ వద్దంటివి ఏమిటికి? తెల్లవే కావాలని పట్టు పట్టాల్సింది గదా."

జమాల్ సాబ్ నేల మీద సూది కోసం వెతకడం మొదలుపెట్టాడు. వెతుకుతూనే అన్నాడు.

"ఆ మిద్దింట్లో జారి పడినప్పుడు నీకు అన్నం నేనే తినిపిస్తిని గదా. ముద్ద పెద్దదైతే తిడితివి, సిన్నదైతే తిడితివి. మళ్ల ఆ పని నా చేత కాదు."

హబీబా ఆయన పక్కనే కూర్చుని తనూ వెతికింది. సూది దొరకలేదు. టైల్స్ అన్నీ తీసి పెట్టెల్లో సర్దుతుంటే ఒక సందులోంచి జారిపడి, మీగడరంగు నేల మీద తళుక్కుమంది.

కొత్తింట్లో చేరారు. నడవ చల్లగా ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నాలు నాగలక్ష్మమ్మతో సహా పాత వీధిలోని ఆడవాళ్లంతా ఆ బండల మీద కొంగులు పరుచుకుని పడుకోవడం మొదలుపెట్టారు. కుట్టుగదిలో కిందపడ్డ సూది పడ్డచోటే దొరికేది. హబీబా ఎవరు వచ్చినా ఇల్లు తిప్పి చూపించేది. వంటింట్లో మాత్రం ఎక్కువసేపు నిలబడనిచ్చేది కాదు.

అందుకు కారణముంది. గరుకు టైల్స్ జారవు, అది నిజం. కాని ఆ గరుకులో పసుపు పడిందంటే వదలదు. పొయ్యి ముందు ఒకచోట చారుగిన్నె ఒలికింది. ఆమె సబ్బుతో రుద్దింది, నిమ్మకాయతో రుద్దింది, ఇటుకపొడితో రుద్దింది. పసుపు ఇంకాస్త పరుచుకుంది. ఉదయ్ కుమార్ అంగడిలో నీళ్లు పోసి చూసిందే గాని, చారు పోసి చూడాలని ఆమెకు తట్టలేదు. ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి ఒక చాప కొని, దాని మీద వేసేసింది. జమాల్ సాబ్ చూశాడు గాని కిక్కురుమనలేదు. అక్క వచ్చే రోజు కోసం ఎదురు చూస్తున్నాడేమో.

మే నెలలో ఆసియా వచ్చింది. వసారాలో కాళ్లు కడుక్కుంది, నడవ చూసింది. బండల మీద కూర్చుని, అరచేత్తో తడిమి, "సల్లగానే ఉండాది" అని మాత్రం ఒప్పుకుంది. మజ్జిగ తాగింది. గ్లాసు తానే పెడతానంటూ లేచి, హబీబా అడ్డం వచ్చేలోపే వంటింట్లోకి పోయింది. అక్కడ గ్లాసు గట్టు మీద పెట్టి, నడుము పట్టుకుని నిదానంగా వంగి, పెళ్లికూతురి ముసుగు తీసినంత జాగ్రత్తగా చాప అంచు ఎత్తింది.

"ఇదా నేల!" అంది. "బలే ఉండాదమ్మే హబీబా. పసుపుకుంకాల పేరంటం మాదిరి ఉండాది."

నడవలో జమాల్ సాబ్‌కు మళ్లీ పొలమారింది. హబీబా వదిన చేతిలోంచి చాప తీసుకుని, చుట్టచుట్టి మూలన పెట్టింది.

"దాసుకోలేదు వదినా. నువ్వు వస్తావని కప్పి పెట్టినా. ఊరికే సూపిస్తే ఏం బాగుంటాది?"

ఆసియా వచ్చింది రెండు రోజులకని, ఉన్నది నెలాఖరు దాకా. పోయేటప్పుడు ఓబిలేష్ ఫోన్ నంబరు అడిగి తీసుకుపోయింది. ఎందుకని హబీబా అడగలేదు. అడగకపోవడం ఆమెకు చాలా కష్టమైంది.

ఇప్పుడు పామిడిలో ఎవరు ఇల్లు కట్టుకున్నా, నేల వేయించే ముందు ఒకసారి హబీబా దగ్గరకు రావడం అలవాటైంది. మొన్న బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే వెంకటరాముడు వచ్చాడు. కొత్తింటికి ఏం వేయించాలో తేలక తిరుగుతున్నాడు. కుర్చీలో కూర్చుని, నడవకు అదీ, పడకగదికి ఇదీ అని చాలాసేపు చెప్పాడు. హబీబా మిషన్ తొక్కుతూనే అంతా విన్నది.

"అన్నా, ఇంట్లో నేల తుడిచేది ఎవురు?" అని అడిగింది.

"ఇంగెవురు, మా ఆడామె."

"మరి పిలుచుకోని రాలేదే?"

"యాడమ్మా, దానికి తీరదు. ఇంటికాడ పనిలో ఉండాది."

"ఏం పని?"

వెంకటరాముడు కాసేపు ఆలోచించాడు.

"నేల తుడుస్తాండాది" అన్నాడు.

హబీబా మిషన్ ఆపింది. మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు.

"అయితే ఆయమ్మ తుడిసేది అయినాక పంపన్నా" అంది. "నువ్వు ఇంటికాడుండి ఆరినాదో లేదో సూస్తాండు."